నది పుట్టేది అక్కడ కాదక్కా

ఫ్రెనే ఊరు,
ఏప్రిల్ 26

తమ్ముడు సెరాఫిన్‌కు అక్క పెరోన్ దీవించి రాస్తున్నది.

నువ్వు పైబీడుకు వెళ్ళి పదకొండు రోజులైంది. ఆవులు రాకముందే గుడిసె కప్పు బాగుచేస్తానని పోయినవాడివి, కప్పు నీ మీద పడిందో, నువ్వే దాని మీంచి పడ్డావో అని అడిగే దిక్కు ఊళ్ళో ఇంకెవరూ లేరు కనుక నేనే అడుగుతున్నాను. కంచరగాడిదల ఫాబియెన్ చేత ఆరు రై రొట్టెలు, ఎండుమాంసం, మీ బావ పాత ఉన్నిచొక్కా పంపుతున్నాను. ఆయనకిప్పుడు దాంతో పనేముంది? తుంటి విరిగి నాలుగు నెలలుగా మంచం దిగలేదు. మంచం మీంచే ఇల్లు ఏలుతున్నాడు. చారులో ఉప్పు తక్కువైతే వంతెన అవతలి వాళ్ళకు కూడా వినబడేలా అరుస్తాడు.

ఇక అసలు సంగతి. మన మొక్కు ఫలించిందిరా! ఎర్వేజ్ తగ్గింది. మంచు కరిగే రోజుల్లో నది తగ్గడం మన తాతలు కూడా చూసి ఉండరు. ఏటా ఈ పాటికి బూడిద కలిపిన పాలలా తెల్లగా పొంగి, మన గడప దాకా వచ్చి పలకరించిపోయేది కదా, ఇప్పుడు కోడిపిల్ల కూడా కాళ్ళు తడవకుండా దాటగలదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరంతా ముసలమ్మ హిమానీనదం నోటి దాకా సిలువ మోసుకుపోయి, దాని నోరు కట్టమని దేవుణ్ణి వేడుకుంటూ వచ్చాం. ఈసారి విన్నాడు. పాద్రీ గారు ఆనందం పట్టలేక పూజలో రెండుసార్లు ఏడ్చారు.

నది వదిలిన ఇసుకనేలను ఊరిపెద్ద ఇలేర్ చీట్లు వేయించి పంచాడు. మనకు వంతెన పక్క ముక్కే వచ్చింది. బంగాళాదుంపలు, చిక్కుళ్ళు వేశాను. నువ్వుంటే "అమ్మో, నదిలో పంటా" అని చెట్టెక్కేవాడివి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చలికి చెవులు కప్పుకో.

నీ అక్క,
పెరోన్


పైబీడు గుడిసె,
మే 9

అక్కకు,

రొట్టెలు అందాయి. చొక్కా వేసుకున్నాను. ఈ ఉత్తరం బావకు వినిపించకు. ముందు నువ్వొక్కదానివే చదువు, కూర్చొని చదువు.

నది తగ్గిందని నువ్వు రాసింది చదివి ఊరుకోలేకపోయాను. మర్నాడే రెండు పాయలు కలిసే జంటనీళ్ళ దగ్గరికి దిగి చూశాను. నీలిపాయ ఎప్పటిలాగే బండ కింది ఊటలోంచి తేటగా వస్తున్నది. తెల్లపాయ లేదు. ఉన్నచోట చీలమండ లోతు మురికి నీళ్ళున్నాయి. మీకు వస్తున్నది నీలిపాయ ఒక్కటే అక్కా. అందుకే కోడిపిల్లలు దాటుతున్నాయి.

నది ముసలమ్మ నోట్లో పుడుతుందని ఊరంతా అంటుంది. సిలువ కూడా అక్కడే పాతారు. నది పుట్టేది అక్కడ కాదక్కా. నా తొమ్మిదో ఏట నాన్న నన్ను కొండగొర్రెల వేటకని శిఖరం అవతలికి, వెనకబీడుకు తీసుకుపోయాడు. అక్కడ మూడు ఊటలున్నాయి. రెండు చిన్న హిమానీనదాల నీళ్ళు కూడా వచ్చి వాటితో కలుస్తాయి. అవన్నీ ఒకటై, ఒక ఇరుకులో దూరి, ముసలమ్మ కడుపు కింద నుంచి నడిచి, ఆమె నోట్లోంచి బయటపడతాయి. ముసలమ్మ నదిని కనలేదు. నది ఆమె కిందుగా వస్తున్నది, అంతే. అంత దూరం ఎవరూ పోరు కనుక ఎవరికీ తెలియదు.

నిన్న శిఖరం ఎక్కాను. ఎందుకెక్కానా అని ఇప్పటికీ ఏడుస్తున్నాను. శీతాకాలమంతా పై కొండ మీది మంచు విరిగి ఇరుకులో పడి, గట్టిపడి, ముసలమ్మ ఒంటికి అతుక్కుపోయి, గోడ కట్టింది. వెనకబీడు లేదు. అది ఉండాల్సిన చోట చెరువుంది. ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలంటే గంట పట్టే చెరువు. పాత గొల్లగుడిసె పొగగొట్టం ఒక్కటే నీళ్ళ పైన కనబడుతున్నది. మంచు పెళ్ళలు తేలుతూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. గాలి లేదు, చప్పుడు మాత్రం ఉంది.

ఆ గోడ తెగిన రోజున నీళ్ళు మెల్లగా రావు. మూడు గంటల్లో ఫ్రెనే చేరతాయి. మొదటి ఇల్లు మీది.

బావను తీసుకొని పైకొట్టానికి మారిపో. గడ్డి తీసేస్తే ఇద్దరికీ చోటుంటుంది. ఇలేర్‌కు, పాద్రీ గారికి నువ్వే చెప్పు. నేను చెబితే వినరు. మంచుచరియ విరిగి పడుతున్నదని నేను చర్చి గంట కొట్టిన రాత్రి ఊరంతా చొక్కాలతో మంచులో నిలబడితే, వచ్చింది ముక్కుల్లోకి కాస్త మంచుపొడి. ఆ నవ్వు ఇప్పటికీ నా వెనకే తిరుగుతున్నది. కానీ ఇది ఆ రాత్రిలాంటిది కాదు. కళ్ళతో చూశాను.

సెరాఫిన్


ఫ్రెనే,
మే 15

సెరాఫిన్,

కూర్చొనే చదివాను. లేచి, నవ్వాను. తర్వాత ఎందుకైనా మంచిదని పెద్దల చెవిన వేశాను. దాని ఫలితం ఏమైందో విను.

పూజ అయ్యాక చర్చి మెట్ల మీదే ఇలేర్‌ను పట్టుకున్నాను. ఆయన టోపీ తీసి, తల గోక్కొని అన్నాడు గదా: "ఏమమ్మా పెరోన్, మీవాడు ఈసారి గంట కొట్టకుండా ఉత్తరం రాశాడా? పోన్లే, చెప్పులు తొడుక్కునే టైమన్నా ఇచ్చాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకొని నవ్వారు. నేనూరుకుంటానా? "నవ్వండి, నవ్వండి. వాడు కళ్ళారా చూశాట్ట. నమ్మకపోతే ఇద్దరు మగాళ్ళని పైకి పంపండి, గొడ్డళ్ళిచ్చి. మంచులో కాలవ తవ్వితే నీళ్ళు వాటంతటవే పోతాయి గదా" అన్నాను.

అంతే. నవ్వులు ఆగిపోయాయి. పాద్రీ గారు నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఏమన్నావమ్మా? ముసలమ్మ మీద ఇనుమా? ఆ మంచులో ఎవరున్నారో మర్చిపోయావా?" అన్నారు.

మర్చిపోతానా? అమ్మ కూడా అక్కడే ఉందాయె. ఆ శీతాకాలం పొరుగూరికి వెళ్ళిన పాద్రీ గారు దారులు మూసుకుపోయి రాలేకపోయారు. పాపసంకీర్తనం లేకుండా, చావుకు ముందు పూసే అవస్థ అభ్యంగనం లేకుండా పోయిన ఈ లోయవాళ్ళందరూ ఉత్తరించు స్థలంలో పాపాలు కడుక్కుంటూ గడపాల్సిన రోజులు ఆ మంచులోనే గడుపుతారు. ఇనుము తాకనివ్వం అని మొక్కులో మాట ఇచ్చింది కూడా వాళ్ళ కోసమే. ఇలేర్ ముఖం చూడాల్సింది నువ్వు. "నా లూసియెన్ ఉన్నాడక్కడ. చెట్టు మీద పడి చచ్చినోడికి ఇంకా గొడ్డలి దెబ్బలు కూడానా? ఎవడన్నా ఆ మంచు మీద చెయ్యేస్తే, వాడిక ఈ ఊళ్ళో అడుగు పెట్టడు" అన్నాడు. ఆయన కొడుకు పోయి ఐదేళ్ళయింది.

కాబట్టి నోరు మూసుకొని కప్పు బాగుచెయ్యి. గోరంతను కొండంత చేయడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మీ బావ కూడా ఇల్లు కదలనంటున్నాడు. "నది ఒడ్డున పుట్టాను, నది తగ్గినప్పుడు పారిపోతానా?" అని ఒకటే నవ్వు.

ఉత్తరం మడవబోయి మళ్ళీ తెరిచాను. ఇందాక నీళ్ళకు వంతెన కిందికి వెళ్ళాను. నీళ్ళడుగున రాళ్ళు కనబడ్డాయి. నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, ఎర్వేజ్ అడుగు రాళ్ళు ఏ రంగులో ఉంటాయో నాకు తెలియదు. ఆకుపచ్చగా ఉన్నాయి. నాకు నచ్చలేదు.

పెరోన్


పైబీడు,
మే 24

అక్కకు,

నీళ్ళ ఒడ్డున కర్రలు పాతాను. మొదటి కర్ర రెండు రోజుల్లో మునిగింది. రెండోది రోజున్నరలో. ఎండ ముదిరేకొద్దీ త్వరపడుతున్నది. గోడ పై అంచుకు ఇంకా పదకొండు నిలువులుంది. నేను పదే పదే లెక్కపెట్టాను, ప్రతిసారీ పదకొండే వచ్చింది, అయినా నమ్మకం కుదరలేదు.

ఫాబియెన్ నాతో శిఖరం దాకా వచ్చి చూశాడు. ఆ మనిషి కంచరగాడిదల్ని తప్ప ఎవరినీ తిట్టడు, పొగడడు. చాలాసేపు చూసి, "నీయబ్బ" అన్నాడు.

నీళ్ళు అంచుకు చేరి పొర్లితే గోడ ఒక్కసారిగా తెగుతుంది. కానీ అంతకు ముందే, గోడ తక్కువగా ఉన్న చోట, నీటి మట్టానికి ఎగువన, మంచులో కాలవ తవ్వి ఉంచితే, నీళ్ళు దాన్ని చేరగానే కొద్దికొద్దిగా పారతాయి. పారుతూ అవే కాలవను లోతు చేసుకుంటాయి. అలా చెరువు రోజుల తరబడి దిగుతుంది. నది పొంగుతుంది, ఇసుకలో పంటలు పోతాయి, వంతెన పోవచ్చు. మనుషులు నడిచి తప్పుకోవచ్చు. నువ్వన్నట్టే, నాకూ తోచిన దారి ఇదొక్కటే.

తోచింది, చేతకాలేదు. మొన్న గొడ్డలి తీసుకొని మంచు మీదికి వెళ్ళాను. ఎత్తాను కూడా. కింద ఎక్కడో మంచు మూలిగింది. మంచు మూలుగుతుందని నాకు తెలియదా? ఏళ్ళ తరబడి వింటున్నాను. కానీ ఈసారి అది అమ్మ దగ్గులా ఉంది. గొడ్డలి అక్కడే పడేసి, పాకుతూ ఒడ్డుకు వచ్చాను. నీ దగ్గర దాచేదేముంది?

అమ్మ చివరి రోజుల్లో నన్ను పిలుస్తూనే పోయిందని నువ్వన్నావు. మంచుచరియలు జారే వాలు దాటడానికి భయపడి నేను రాలేదు. మూడు రోజులు వాలుకు ఇవతల కూర్చొని ఏడ్చాను తప్ప అడుగు వేయలేదు. బతికి ఉన్నప్పుడు పిలిస్తే పోనివాణ్ణి, ఇప్పుడు ఇనుము పట్టుకొని పోనా?

సంచి సర్దుకున్నాను. కనుమ దాటితే ఇటలీ వైపు ఆవోస్తాలో చీజ్ చేసేవాళ్ళకు పని దొరుకుతుందట. నువ్వు, బావ కొట్టానికి మారారని కబురు పెడితే వెళ్ళిపోతాను. ఊరి సంగతి దేవుడు చూసుకుంటాడు. ఇలా రాయడం తప్పని తెలుసు.

సెరాఫిన్


ఫ్రెనే,
మే 31

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక నవ్వు రావడం లేదు. రోజూ పొద్దున్నే వంతెన కిందికి పోయి ఆ ఆకుపచ్చ రాళ్ళను చూసి వస్తున్నాను. మధ్యాహ్నం ఎండ మండిపోతుంది, కొండల మీద మంచు కళ్ళముందే తరుగుతుంది, నది మాత్రం పెరగదు. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి? ఈ ప్రశ్న నేను చాకిరేవులో అడిగితే ఆడవాళ్ళు నా వంక జాలిగా చూశారు. "తమ్ముడి గాలి సోకింది" అని ఒకతె అన్నది, నాకు వినబడేలాగే.

నీకొక సంగతి చెప్పాలి. రెండేళ్ళుగా దాచాను. కోపంతో దాచాను.

అమ్మ నిన్ను పిలుస్తూ పోలేదు. పిలిచింది నేను. "వాణ్ణి రమ్మంటాను, ఫాబియెన్‌ను పంపుతాను" అని నేనంటే, అమ్మ నా చెయ్యి పట్టుకొని ఏమన్నదో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: "వద్దే. ఆ వాలు మీదికి వాణ్ణి రానీకు. మీ నాన్న ధైర్యంగా పోయాడు, చూశాంగా. మనింట్లో భయపడి బతికేవాడు ఒకడన్నా ఉండాలి."

అదే ఆమె చివరి మాట. నేను మూడు రోజులు ఒంటరిగా ఆమె తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. నువ్వు రాలేదు. నీ మీద కసితో అబద్ధం చెప్పాను. చెప్పాక వెనక్కి తీసుకోలేకపోయాను. నన్ను తిట్టు, తర్వాత తీరిగ్గా తిట్టు.

ఇప్పుడు చెబుతున్నాను విను. కొట్టు. అమ్మ నీ మీద కోపంతో ఆ మంచులో లేదు. ఊరు వద్దంటుంది, పాద్రీ గారు వద్దంటారు. నీ పెద్దక్క చెబుతున్నది, కొట్టు. పాపమైతే అది నాది, నా తల మీద రాసి పెట్టమని దేవుడికి చెప్పుకున్నాను.

ఫాబియెన్‌కు రెండు గొడ్డళ్ళు, ఒక గునపం ఇచ్చాను. గడ్డిమోపులో చుట్టి తెస్తాడు. మేం పైకొట్టానికి మారాం. మీ బావ అక్కడ ఎలుకల్ని తిడుతూ హాయిగా ఉన్నాడు. మా గురించి బెంగపడకుండా పని చూడు.

పెరోన్


పైబీడు,
జూన్ 11

అక్కకు,

అమ్మ మాట చదివి ఏం చేశానో రాయలేను. తర్వాత గొడ్డలి తీసుకున్నాను.

ఎనిమిది రోజులు తవ్వాం. ఫాబియెన్ పైన, నేను కింద. నాకు భయం తగ్గిందనుకుంటున్నావేమో, ఇసుమంత కూడా తగ్గలేదు. ప్రతి దెబ్బకూ కళ్ళు మూసుకున్నాను. ఒక దెబ్బ నా బూటు మీదే పడింది, వేలు మిగిలింది. మంచు లోపల నీలంగా ఉంటుందక్కా. అందులో ముఖాలు కనబడతాయేమోనని మొదటి రోజు తల ఎత్తలేదు. రెండో రోజు చూశాను. గులకరాళ్ళున్నాయి, ఒక చెట్టు వేరు ఉంది. ఇంకేమీ కనబడలేదు. కనబడలేదు కనుక లేరని నేననను.

ఫాబియెన్ అయితే తవ్వుతున్నంతసేపూ గాడిదల్ని తిట్టినట్టు మంచును తిట్టాడు. "ఒరేయ్, అట్టా తిట్టకురా, వింటారు" అంటే, "విన్నీ. మా మావ కూడా ఉన్నాళ్ళే ఇందులో. బతికినన్నాళ్ళూ ఇంతకన్నా పెద్ద బూతులు వినేవాడు" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం నీళ్ళు కాలవను చేరాయి. ముందు ఒక నాలుక లాంటి తడి వచ్చింది. ఆ తర్వాత జానెడు నీళ్ళు. ఇవాళ పొద్దుటికి నడుము లోతు పారుతున్నది. కాలవ తనను తానే కోసుకుంటూ దిగుతున్నది. ఆ మోత ఇక్కడ గుడిసెలోకి వినబడుతున్నది. ఇంతవరకు అనుకున్నట్టే ఉంది. కానీ గోడ లోపల ఇంకేవో చప్పుళ్ళున్నాయి. పక్కటెముకలు విరిగినట్టు పెటపెటమంటున్నాయి. మొత్తం ఒక్కసారి తెగితే నేను చేసిందే మిమ్మల్ని చంపినట్టవుతుంది.

మీకు చేరేసరికి నది తెల్లబడి పెరుగుతుంది. ఎవరినీ ఇసుకలో దిగనివ్వకు. దుంపల కోసం ఎవడైనా దిగితే జుట్టు పట్టి లాగు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని చెప్పు. మీరిద్దరూ కొట్టంలో ఉన్నారు కాబట్టే ఆ చివరి పెళ్ళ కొట్టగలిగాను. లేకపోతే నా చెయ్యి లేచేది కాదు.

ఇది పట్టుకొని ఫాబియెన్ పరుగెత్తుతున్నాడు.

సెరాఫిన్


పైకొట్టం,
జూన్ 18

తమ్ముడూ,

ఇప్పుడు నిజంగానే కొట్టంలో ఉన్నాం. అప్పుడు లేము.

మీ బావను కదపాలంటే నలుగురు కావాలి. పిరికోడి అక్క మాట విని మంచం మోస్తామా అని ఒక్కడు రాలేదు. నిజం రాస్తే నువ్వు గొడ్డలి ఎత్తేవాడివి కాదు. అందుకే అబద్ధం రాశాను. నాకిది అలవాటైపోయింది.

నీ ఉత్తరంతో ఫాబియెన్ వచ్చేసరికి నీళ్ళు తెల్లగా తిరిగి, నా చిక్కుళ్ళ మొదళ్ళు తాకుతున్నాయి. నేనూ అతనూ కలిసి మీ బావను గడ్డిబండి చట్టానికి పరుపుతో సహా కట్టేసి, వాలు మీదికి లాగాం. సగం దూరంలో తాడు జారింది. ఆయన కిందికి, నది వైపు, ఒక పది బారలు జారిపోయాడు. ఎప్పుడూ అరిచే మనిషి అప్పుడు అరవలేదు. నా వంక చూశాడు, అంతే. లార్చి చెట్టు మొద్దు అడ్డుపడి ఆగాడు.

మూడు రోజులు పెరిగింది. మొదటి రోజు చేలు, రెండో రోజు వంతెన, మూడో రోజు మన ఇల్లు. ఇల్లు కూలలేదు, కూర్చుంది. తర్వాత లేదు. ఊళ్ళో వాళ్ళంతా మూటలు నెత్తిన పెట్టుకొని చర్చి గుట్ట మీదికి నడిచి వెళ్ళారు. ఒక్క ప్రాణం పోలేదు సెరాఫిన్. ఒక్క మేక కూడా పోలేదు.

అదే మన నెత్తి మీదికి వచ్చింది. ఎవరూ చావలేదు కనుక ఏ ఆపదా లేదంటున్నారు. ఫాబియెన్ బూట్లకు మంచురాపిడి, అరచేతుల్లో గొడ్డలి బొబ్బలు చూశారు. నది చక్కగా తగ్గి ఉంటే ఆ పిరికివాడు పోయి చనిపోయినవాళ్ళను గొడ్డలితో కొట్టాడనీ, అందుకే ముసలమ్మ నోరు తెరిచిందనీ ఊరంతా అంటున్నది. ఆదివారం పూజలో ఇలేర్ లేచి, "ఎవడు చెప్పాడు వాడికి? ఇంత పని చెయ్యమని ఎవడు చెప్పాడు?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. నేను, పెరోన్‌ను, నోరు మెదపలేదు. మీ బావ మంచంలో ఉన్నాడు, ఇల్లు లేదు, రేపు పాలు ఎవరు పోస్తారు అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. ఆశీర్వాదం అయిపోయి అందరూ లేస్తుంటే అప్పుడు లేచాను. "నేను చెప్పాను. మళ్ళీ అయితే మళ్ళీ చెబుతా" అన్నాను. మా బెంచీలో ఉన్నవాళ్ళు పక్కకు జరిగారు.

ఇలేర్ ఏడుగురు మగవాళ్ళతో పైకి వస్తున్నాడు. కర్రలు పట్టుకొన్నారు. నీతో మాట్లాడతామంటున్నారు గానీ, మాట్లాడే మనుషుల ముఖాలు అలా ఉండవు. ఫాబియెన్ మేకల దారిన ముందుగా వస్తాడు. ఇది అందగానే కనుమ దాటి వెళ్ళిపో. ఆవోస్తాలో చీజ్ చేసుకో. ఇంతకు ముందు నిన్ను పారిపోవద్దని ఎన్నిసార్లు తిట్టానో, అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు లేకపోతే నాకెవరున్నార్రా?

పెరోన్


పైబీడు,
జూన్ 24

అక్కకు,

నేను వెళ్ళలేదు. బతికే ఉన్నాను. ముందు ఈ రెండు మాటలు చదివి, గాలి పీల్చుకొని, మిగతాది చదువు.

నీ ఉత్తరం అందేసరికి నా సంచి భుజాన ఉంది. అబద్ధం ఎందుకు? కానీ దానికి ముందు రోజు పై కొండ మీంచి ఇల్లంత మంచుపెళ్ళ విరిగి సరిగ్గా మన కాలవలో పడింది. పారేది ఆగిపోయింది. చెరువులో ఇంకా మూడో వంతు నీళ్ళున్నాయి, మళ్ళీ ఎక్కుతున్నాయి. నేనొక్కణ్ణే రోజంతా కొడితే దాని మీద గీత పడింది. ఒకరిద్దరితో అయ్యే పని కాదు. ఎనిమిది మంది మగవాళ్ళు కొండెక్కి వస్తున్నారని నువ్వు రాశావు. నన్ను కొట్టడానికే కానీ, రావడమైతే వస్తున్నారు. సంచి దించాను. గుమ్మంలో కూర్చొని వాళ్ళ కోసం ఎదురుచూశాను.

వచ్చారు. ఇలేర్ ముందు, మిగతావాళ్ళు వెనక. అతను ఏదో అనబోయేలోపే, "నన్ను కొట్టేముందు ఒక్కసారి శిఖరం దాకా రండి మావా. తర్వాత మీ ఇష్టం" అన్నాను. మాటలు తడబడ్డాయి. ఎవడో నవ్వాడు. ఇలేర్ నవ్వలేదు. "ఇంతదూరం వచ్చాం, అదీ చూద్దాం. పద" అన్నాడు. కర్ర నా వీపుకు ఆనించి నడిపించాడు.

శిఖరం మీద నేను చెయ్యి చాపి చూపించలేదు. అవసరం లేకపోయింది. ఎనిమిది మందీ అక్కడే నిలబడిపోయారు. పుట్టి పెరిగిన నది ఎక్కణ్ణించి వస్తుందో వాళ్ళు అప్పుడే చూశారు. మూడు ఊటలు నీళ్ళలో మునిగే ఉన్నాయి. చుట్టూ బండల మీద, మా తలలకు ఎంతో ఎత్తున, చెరువు అంతకు ముందు ఎక్కడి దాకా ఉండేదో చెప్పే తడి గీత ఉంది. గొల్లగుడిసె సగం బయటపడి, దాని తలుపులో మంచుపెళ్ళ ఇరుక్కొని ఉంది.

ఇలేర్ ఆ గీత వంకే చూశాడు. "అదంతానా?" అన్నాడు.

"అదంతా మావా."

"మా ఇంటి మీదికి?"

"ముందు అక్కావాళ్ళింటి మీదికి. తర్వాత మీ ఇంటి మీదికి. తర్వాత చర్చి."

అతను కర్ర పక్కన పెట్టి, రాయి మీద కూర్చున్నాడు. మెల్లగా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలెట్టాడు. పెదాలు కదులుతుంటే నాకు పేర్లు తెలిశాయి. పెళ్ళాం, ముగ్గురు కూతుళ్ళు, మనవలు. రెండు చేతులూ చాలలేదు. కిందనుంచి చెరువు చప్పుడు ఒకటే వస్తున్నది. కాసేపటికి అతను లేచి, నా వంక చూడకుండానే చెయ్యి చాపాడు.

"గొడ్డలి ఇటియ్యి."

అతనితో పాటు మంచు మీదికి అందరం దిగాం. అడ్డుపడిన పెళ్ళ దగ్గరికి చేరాక ఇలేర్ గొడ్డలి ఎత్తాడు, ఎత్తి ఆగాడు. కింద పెట్టేశాడు. ఇక కొట్టడు, అయిపోయింది అనుకున్నాను. అతను మోకాళ్ళ మీద వంగి, తర్వాత పూర్తిగా బోర్లా పడుకొని, మంచుకు నోరు ఆనించాడు.

"లూసియెన్. ఒరే నాయనా, నాన్నని. కాస్త పక్కకి జరగరా. దెబ్బ తగుల్తుంది" అన్నాడు.

మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే వంగారు. ఎవరి వాళ్ళను వాళ్ళు పిలిచారు. ఒకడు పెళ్ళాన్ని, ఒకడు అన్నను, ఫాబియెన్ తన మావను. నేను అమ్మను పిలిచాను. తర్వాత అందరం లేచి, వంతులేసుకొని చీకటిపడే దాకా కొట్టాం.

సెరాఫిన్